జిప్సం బోర్డు గోడకు టీవీ: టోగుల్ బోల్టా, వెనక ప్లైవుడ్డా?

ఒంగోలులో మా మేడ మీద గదిని జిప్సం బోర్డుతో రెండుగా విడగొట్టాం, బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లే, గోడ లోపల బోర్డును పట్టుకునే ఇనుప చానెళ్లు తప్ప అంతా డొల్ల. ఇటుక గోడకు వాడే మామూలు ప్లాస్టిక్ ప్లగ్ దీనికి వేయకండి, పట్టు దొరకదు.

టోగుల్ బోల్టు అయితే రెక్కలు ముడుచుకుని రంధ్రంలోకి వెళ్లి, వెనక విచ్చుకుని బోర్డును పట్టుకుంటాయి. పని తొందరగా అయిపోతుంది. కానీ రంధ్రం పెద్దదే చేయాలి, బోల్టు పూర్తిగా ఊడదీస్తే రెక్కలు లోపల పడిపోతాయి, పైగా ఎంత మంచి బోల్టు వేసినా చివరికి బరువు మోసేది ఆ పల్చటి బోర్డే. గోడకు ఆనించి బిగించే చిన్న టీవీకి ఇది చాలు.

ప్లైవుడ్డంటే బోర్డు కోయాలి, లోపలి ఇనుప చానెళ్లకు 18 మిల్లీమీటర్ల చెక్క బిగించాలి, మళ్లీ మూసి పుట్టీ, రంగు వేయాలి, ఇల్లంతా దుమ్ము. అయినా ముందుకు లాక్కునే స్టాండు అయితే నేను ఇదే చేయించమంటాను, ఎందుకంటే టీవీ గోడకు దూరం జరిగేకొద్దీ పై స్క్రూల మీద లాగుడు పెరుగుతుంది, చెమ్మ తగిలితే జిప్సం మెత్తబడుతుంది కూడా. సముద్రం ఒడ్డున కొత్తపట్నం వైపు ఇళ్లకైతే ఉప్పు గాలికి మామూలు స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వే అడిగి తీసుకోండి.