కొత్త డబ్బాలో ఏళ్ళనాటి షూస్ పెట్టి అమ్ముతున్నారు, వాకింగ్ షూస్ కొనేవాళ్ళు కాస్త చూసుకోండి

భారీ డిస్కౌంట్ కనపడిందని వాకింగ్ షూస్ ఆర్డర్ పెట్టబోతున్నారా, ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదివి అప్పుడు పెట్టండి. ఏ మోడల్ కొనాలి, ఏ రంగు బాగుంటుంది అని అందరం తెగ వెతుకుతాం, అది ఎవరి దగ్గర కొంటున్నాం అనేది మాత్రం చివర్లో రేటు చూసి తేల్చేస్తాం, దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

నేను కొన్నది పేరున్న కంపెనీ జతే, డూప్లికేట్ కాదు. పెద్ద షాపింగ్ యాప్‌లోనే కొన్నా, కానీ అమ్మింది ఆ యాప్ వాళ్ళు కాదు, అందులో దుకాణం పెట్టుకున్న ఎవరో సెల్లర్. డబ్బా బాగుంది, ట్యాగులున్నాయి, లోపల కాగితం చుట్టి ఉంది, అనుమానించడానికి ఏమీ లేదు. కొన్నాళ్ళు బాగానే నడిచాను. ఆ తర్వాత ఒకరోజు వాకింగ్ మధ్యలో మడమ కింద ఏదో కుంగినట్టు అనిపించి కాలెత్తి చూస్తే సోల్ పక్కలు పగిలి ఎండిన మట్టి పెళ్ళల్లా రాలుతున్నాయి. పై భాగం చూస్తే అస్సలు మరక లేదు, కుట్లు చెక్కుచెదరలేదు, అడుగుభాగంలో ఉండే గరుకు కూడా ఇంకా అరగలేదు! మధ్యలో ఉండే మెత్తటి పొర ఒక్కటే పోయింది. అప్పుడు షూ నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ, దాని లోపల కుట్టిన చిన్న లేబుల్ తిప్పి చూస్తే తయారైన తేదీకి ఐదేళ్ళు దాటింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, వాడకపోయినా షూస్‌కి వయసైపోతుంది. ఆ మధ్య పొరని మిడ్‌సోల్ అంటారు, అది ఎక్కువగా రెండు రకాల పదార్థాలతో చేస్తారు, పీయూ అంటే పాలీయూరెథేన్, ఇంకోటి ఈవీఏ అనే తేలికపాటి నురుగు. పీయూ గట్టిది, బరువు మోస్తుంది, తొందరగా అణిగిపోదు, అందుకే ఎక్కువ దూరం నడిచేవాళ్ళ కోసం చేసే షూస్‌లో, ట్రెకింగ్ బూట్లలో వాడతారు. కానీ గాల్లో ఉండే తేమ మెల్లగా లోపలికి చేరి ఆ పదార్థాన్ని లోలోపలే విరగ్గొడుతుంది, హైడ్రోలిసిస్ అంటారు దీన్ని. మనం వేసుకున్నామా లేదా అనేదానితో పని లేదు, డబ్బాలో కూర్చున్నా జరుగుతుంది, వేడీ తేమా ఎక్కువున్న గోడౌన్‌లో పడుంటే ఇంకా త్వరగా జరుగుతుంది. చాలాసార్లు బయటికి ఏమీ కనపడదు, మన బరువు పడ్డాకే బయటపడుతుంది. ఈవీఏ ఇలా పొడైపోదు గానీ అదీ ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది, పైగా సోల్‌ని పట్టి ఉంచే జిగురు కూడా ముసలిదైపోయి ముందు వైపు నోరు తెరిచేస్తుంది. మామూలుగా నడిచే షూస్ ఐదువందల నుంచి ఎనిమిదివందల కిలోమీటర్లు వస్తాయని అంటుంటారు కదా, ఆ లెక్క కొత్త జతకి, గోడౌన్‌లో సగం ఆయుష్షు అయిపోయినదానికి కాదు.

సరే కంప్లైంట్ పెట్టాను. సెల్లర్ ఏమన్నాడంటే వాడేసిన వస్తువు, రిటర్న్ గడువు కూడా అయిపోయింది, మేమేం చెయ్యలేం అన్నాడు. కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగితే ఆ సెల్లర్ మా అధికారిక డీలర్ కాదండీ, వారంటీ వర్తించదు అన్నారు. యాప్ వాళ్ళేమో మేం మధ్యవర్తులం మాత్రమే అని ఒక రెడీమేడ్ మెసేజ్ పంపి కంప్లైంట్ మూసేశారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, ఎవరూ డబ్బులివ్వలేదు.

అందుకే కొనేముందు ఆ పేజీలో రేటు కింద చిన్న అక్షరాల్లో అమ్మేది ఎవరో రాసి ఉంటుంది, అది చూడండి. డెలివరీ యాప్ వాళ్ళది అని ఉన్నంత మాత్రాన అమ్మేది వాళ్ళే అని కాదు, రెండూ వేరు. ఇంకో మెలిక ఏంటంటే సైజు మార్చినా రంగు మార్చినా సెల్లర్ మారిపోవచ్చు, ఎనిమిదో నంబరు కంపెనీ వాళ్ళే అమ్ముతుంటే తొమ్మిదో నంబరు ఇంకెవడో అమ్ముతుంటాడు, కాబట్టి మీ సైజు నొక్కాక మళ్ళీ చూడాలి. ఆ నాలుగున్నర స్టార్లు, వేల రివ్యూలు కూడా షూ మోడల్‌కి వచ్చినవే, ఈ సెల్లర్ పంపే స్టాకుకి కాదు, అన్నీ కలిపేసి ఒకేచోట చూపిస్తారు. సెల్లర్ పేరు మీద నొక్కితే వాడి రేటింగ్ విడిగా వస్తుంది, అందులో ఒక స్టార్ ఇచ్చినవాళ్ళు ఏం రాశారో చదివితే చాలు. 

కంపెనీ పేరుకి ముందో వెనకో క్లియరెన్స్, అవుట్‌లెట్ లాంటి మాటలు తగిలించి పెట్టిన సైట్ల జోలికి అసలు పోవద్దు. అడ్రస్ ఉండదు, ముందే డబ్బు కట్టమంటారు, అన్ని సైజులూ ఎప్పుడూ ఉంటాయి. బ్రౌజర్‌లో పైన తాళం గుర్తు ఉంది కదా అంటారు కొందరు, ఆ తాళం మీరు పంపే సమాచారం దారిలో ఎవరూ చదవకుండా ఉండడానికి, అవతల కూర్చున్నవాడు నిజాయితీపరుడా కాదా అనేది అది చెప్పదు.

మరి షాపులో కొంటే గొడవే ఉండదా అంటే అలాగనీ కాదు, ఆఫర్ ర్యాకులో పెట్టినవి, ఒకటే జత మిగిలింది సార్ అని తెచ్చి ఇచ్చేవి కూడా పాతవి ఉండొచ్చు, అద్దాల వెనక ఎండకి మాడిన డిస్‌ప్లే జత అసలు తీసుకోవద్దు. కాకపోతే షాపులో లేబుల్ మన చేత్తో తిప్పి చూసుకోవచ్చు, అదే పెద్ద తేడా. నాలుక లోపల గానీ పక్కన గానీ సైజులతో పాటు నెలా సంవత్సరం ఉంటుంది, కొన్ని కంపెనీలు రెండు తేదీలు వేస్తాయి, నెల ముందు రోజు తర్వాత వేసేవాళ్ళూ ఉన్నారు, కంగారు పడకుండా సంవత్సరం చూడండి. ఆ లేబుల్ మీద మోడల్ నంబరూ డబ్బా మీద నంబరూ ఒకటేనా చూడండి. తర్వాత సోల్ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కండి, సన్నటి పగుళ్ళు కనిపించినా, అంటుకున్నట్టు జిగటగా ఉన్నా, పొడి రాలినా పక్కన పెట్టేయండి. కిందటి మోడల్ డిస్కౌంట్‌లో వస్తే తీసుకోవచ్చు, నేనైతే తయారై ఏడాది, మహా అయితే రెండేళ్ళు దాటకపోతేనే తీసుకుంటా.

సైజు విషయంలో కూడా షాపే మేలు అంటాను. యూకే సైజులో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, ఈయూ సైజులో ఆరు పాయింట్ ఏడు, అందుకే ఆ మార్పిడి పట్టికలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, మగవాళ్ళ యూఎస్ నంబరు యూకే కన్నా ఒకటి ఎక్కువ అంటారు గానీ కొన్ని కంపెనీల్లో అర నంబరు మాత్రమే ఎక్కువ. చాలా లేబుళ్ళ మీద సెంటీమీటర్లలో కూడా ఉంటుంది, దాన్ని నమ్ముకోవడం నయం. సాయంత్రం పూట వెళ్ళండి, పొద్దుటికన్నా పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, మీరు వాకింగ్‌కి వేసుకునే సాక్సే వేసుకుని రెండు కాళ్ళకీ తొడిగి నడవండి, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి, ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ లేవకూడదు. వెడల్పు పాదాలున్నవాళ్ళకి షాపువాడు ఒక నంబరు పెద్దది ఇవ్వాలని చూస్తాడు, ఒప్పుకోకండి, పొడవు పెరిగితే షూ వంగే చోటూ మన వేళ్ళు వంగే చోటూ కలవవు, మడమ జారి బొబ్బలొస్తాయి. మగవాళ్ళకి డీ మామూలు వెడల్పు, టూఈ అంటే వెడల్పుది, ఆడవాళ్ళకి బీ మామూలు, డీ వెడల్పుది, అది తెప్పించమనండి. లేదంటే కంపెనీ సొంత సైట్లో చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

ఆన్‌లైన్లోనే తీసుకుంటే డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసి అందులో ఆ లేబుల్ కనపడేలా చూపించండి. రిటర్న్ గడువు అయ్యేదాకా ఇంట్లో శుభ్రమైన నేల మీదే నడవండి, ట్యాగులు కత్తిరించొద్దు, రిటర్న్ చేసేటప్పుడు షూ డబ్బా మీద నేరుగా టేపు వెయ్యొద్దు, డబ్బా పాడైందని వెనక్కి పంపేస్తారు. వీలైతే కార్డుతో కట్టండి, బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే దారి ఒకటి మిగులుతుంది, నేనిప్పుడు ఆ దారిలోనే ఉన్నాను.

ఇప్పటికే ఎవరికైనా సోల్ ఇలా రాలుతుంటే జిగురు పెట్టి అతికించాలని చూడకండి, పదార్థమే పాడైపోయింది కాబట్టి జిగురు పట్టదు, మెట్ల మీదో వాలు మీదో ఊడిందంటే పడిపోతారు. రాలిన ముక్కలు పారెయ్యకుండా ఒక కవర్లో వేసి బిల్లు, డబ్బా, లేబుల్ ఫోటోతో కలిపి దాచి, అప్పుడు కంప్లైంట్ రాయండి.