తుప్పు మేకు పీకాలంటే సుత్తి, పిన్సర్, చీలిక కడ్డీ: ఏది మేలు?

మా తాతగారి ఊరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న బారువకు దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఇంటి వసారా పైకప్పు లేచిపోయింది. మిగిలిన వాసాలు, రెండు పనస తలుపులు, ఒక టేకు ద్వారబంధం ఇన్నేళ్లూ పశువుల శాల అటక మీదే ఉన్నాయి. ఈ వేసవిలో వాటిని దించి మంచాలు, అల్మరా చేయించుకోవాలనుకున్నాం. ఒక్కో చెక్కలో పదిహేను, ఇరవై మేకులు. కోత మిల్లులో మేకు ఉన్న చెక్కను ముట్టుకోరు. రంపం పన్ను ఒక్క మేకుకు తగిలినా బ్లేడు పాడవుతుంది. కాబట్టి ఒక్కటి కూడా మిగలకుండా పీకవలసిందే.

సముద్రం పక్క ఊళ్లలో మేకు మొండికేయడానికి కారణం ఉప్పుగాలి. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది. కొట్టిన రోజు సరిగ్గా సరిపోయిన రంధ్రంలో అది ఏళ్ల తరబడి ఉబ్బుతూ చెక్క నారలోకి గరుకుగా దిగబడుతుంది. పైకి కనిపించే తల మాత్రం పొరలు పొరలుగా రాలిపోతుంది. అంటే లోపల పట్టు పెరుగుతుంది, బయట మనం పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఏ పనిముట్టు కొనాలన్నది ఈ సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట అందరి చేతికీ వచ్చేది వెనుక చీలిక ఉన్న సుత్తి. తల గట్టిగా ఉన్న మేకుకు దీన్ని మించింది లేదు. పిడి సుమారు 30 సెంటీమీటర్లు, సుత్తి ఆనుకునే చోటికీ మేకుకూ మధ్య 3 సెంటీమీటర్లు అనుకుంటే మన బలం పదింతలవుతుంది. కానీ మేకు సగం లేచేసరికి సుత్తి వెనక్కి వాలిపోయి మేకును పక్కకు లాగుతుంది. మేకు వంగుతుంది, రంధ్రం కోలగా సాగుతుంది, సుత్తి నెత్తి చెక్కలో గుంట చేస్తుంది. మేకు కాస్త లేవగానే సుత్తి కింద ఒక చెక్కముక్క పెడితే ఈ మూడూ తప్పుతాయి. కొనేటప్పుడు చీలిక లోపలి అంచులు చూడండి. అవి పలచగా, పదునుగా ఉండాలి. మొద్దుగా ఉంటే సన్నని మేకు తలను పట్టకుండా జారిపోతాయి. చెక్క పిడి కన్నా ఇనుప గొట్టం పిడి ఈ పనికి నయం. మొండి మేకు దగ్గర చెక్క పిడి మెడ దగ్గరే విరుగుతుంది.

అయితే మా పనస తలుపుల మీద సుత్తి ఓడిపోయింది. తలలు వేలితో గీరితేనే రాలిపోతున్నాయి. చీలిక దేన్ని పట్టాలి? అక్కడ పనికి వచ్చింది పిన్సర్. వంటింటి పట్టకారు కాదు, గుండ్రటి దవడలు, పదునైన అంచులు ఉన్న వడ్రంగి పట్టకారు. హార్డ్‌వేర్ కొట్లో పిన్సర్ అని అడిగితే ఇస్తారు. దీనికి తలతో పని లేదు. మేకు కాడ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ఉంటే చాలు, లేకపోతే ఉలితో మేకు చుట్టూ కొద్దిగా చెక్కి దవడలకు దారి చేయవచ్చు. పట్టుకున్నాక పైకి లాగకూడదు. గుండ్రటి దవడను చెక్క మీద ఆనించి పక్కకు దొర్లించాలి. కొద్దిగా లేచాక మళ్లీ కిందకంటా పట్టుకుని మళ్లీ దొర్లించాలి. నాలుగైదు పట్లలో వచ్చేస్తుంది. దవడ కింద పలచటి రేకు ముక్క వేస్తే చెక్క మీద మచ్చ కూడా పడదు. ఒక్క జాగ్రత్త: పిడులను బలంకొద్దీ నొక్కితే ఆ పదునుకు తుప్పు కాడ తెగిపోతుంది. జారకుండా పట్టేంత నొక్కితే చాలు.

కటింగ్ ప్లేయరుతో ఈ పని చేయాలని చూడకండి. దవడలు చదునుగా ఉంటాయి, దొర్లవు. చెయ్యి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

ఇక వాసాలకు, దూలాలకు కొట్టిన అయిదారు అంగుళాల మేకులు. వీటికి మెడ వంచి చీలిక చేసిన ఇనుప కడ్డీ కావాలి. రెండడుగుల పొడవుది మా పనికి సరిపోయింది. దాని చీలికను సుత్తితో కొట్టి మేకు తల కిందికి దించి, కాలు ఊతంగా పెట్టి వెనక్కి వాలితే ఎంతటి మేకైనా కదులుతుంది. పొలం గునపంతో కూడా తలుపును చట్రం నుంచి విడదీయవచ్చు గానీ మేకు పీకడానికి అది పనికిరాదు. కడ్డీ బలమే దాని చేటు కూడా. ద్వారబంధం అంచున ఒక మేకు దగ్గర నేను తొందరపడ్డాను. నార వెంట జానెడు టేకు ముక్క లేచిపోయింది. ఇప్పటికీ చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. పైకి కనిపించే చెక్క మీద కడ్డీ వాడకండి. దాన్ని అటక మీదికి పోయే వాసాలకు ఉంచుకోండి.

ఏ పనిముట్టు పట్టినా ముందు చేయవలసింది ఒకటుంది. మా ఊరి వడ్రంగి బాబాయి చూపించాడు. “పీకే ముందు లోపలికి ఒక దెబ్బ వెయ్యి బాబూ. తుప్పు పట్టు విడితే అదే వస్తుంది” అన్నాడు. తల మీద చిన్న దెబ్బ వేస్తే టక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చింది. మేకు వెంట్రుకవాసి దిగింది, చుట్టూ ఎర్రటి పొడి రాలింది. అంతకుముందు అరగంట కదలనిది, రెండు పట్లలో వచ్చింది. రంధ్రం చుట్టూ నల్లటి వలయం మిగిలింది. చెక్కలోని వగరుకు ఇనుము తగిలితే వచ్చే నలుపు అది. కరక్కాయ కషాయంలో ఇనుము వేసి సిరా చేసిన నలుపూ ఇదే. అది గీస్తే పోదు, రంగులో కలిపేయవచ్చు.

కమ్మరి చేసిన పాత నలుచదరపు మేకులు తగిలితే సంతోషించండి. అవి కొనకు పోయేకొద్దీ సన్నబడతాయి కాబట్టి ఒకసారి కదిలితే వదులై వచ్చేస్తాయి. నేటి గుండ్రటి తీగ మేకు మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు, అందుకే చివరి అరంగుళం వరకూ పోరుతుంది. వెనుక మొన మడిచి కొట్టిన మేకులైతే ముందు ఆ మడత నిటారు చేసి, వెనుక నుంచి కొట్టి తల లేపుకోవాలి.

ఒక్కటే కొనగలిగితే నా మాట పిన్సర్. సుత్తి ఏదో ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది, మొండి మేకుకు చాలాసార్లు తల ఉండదు. పాత చెక్కను కాపాడుకోవాలనుకునే వారికి రెండో కొనుగోలు చీలిక సుత్తి. కడ్డీ ఒక్క రోజు పనికైతే ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. కళ్లద్దాలు, గట్టి చెప్పులు తప్పనిసరి. తుప్పు మేకు దిగితే ధనుర్వాతం ఇంజక్షన్ సంగతి డాక్టరును అడగాలి.

మిల్లుకు పంపే ముందు పాత స్పీకరులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి తలుపుల మీద అంగుళం అంగుళం నడిపించాను. రంగు కింద ఇంకా రెండు మేకులు బయటపడ్డాయి. రెండింటికీ తలలు లేవు. రెండూ పిన్సర్‌కే వచ్చాయి.