పాత పికప్ ఇంజన్ చప్పుళ్లకు మెకానిక్ స్టెతస్కోప్: కొనొచ్చా?

డాక్టరు మెడలో వేసుకునే స్టెతస్కోప్ లాంటిదే ఇది. చెవుల్లో పెట్టుకునే రెండు గొట్టాలు అవే. కింద బిళ్ల బదులు చిన్న రేకు డబ్బీ, దానికి మర బిగించిన జానెడు స్టీలు పుల్ల ఉంటాయి. ఆన్‌లైన్‌లో అయినా, పనిముట్లు అమ్మే షాపులో అయినా మూడొందల నుంచి ఆరొందల దాకా పలుకుతుంది. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బొలెరో పికప్ గానీ టాటా 207 గానీ నడిపేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. ఇంజన్ దించాలి అన్న మాటకు తలూపే ముందు, ఆ చప్పుడు ఇంజన్ లోపల పుడుతోందా, ఇంజన్‌కి బయట తగిలించిన సామానులో పుడుతోందా అన్నది దీంతో తేల్చుకోవచ్చు. ఈ రెంటికీ ఖర్చులో తేడా వందలకీ వేలకీ మధ్య ఉండే తేడా.

కొనేటప్పుడు మూడు చోట్ల చూడండి. పుల్ల డబ్బీలోకి ఎక్కే మర బిగుతుగా ఉండాలి. అక్కడ ఏమాత్రం కదిలినా ఆ లొడలొడే చెవిలో పడుతుంది, ఇంజన్ మాట వినపడదు. రబ్బరు గొట్టం మందంగా ఉండాలి. పల్చటి గొట్టాలు మన ఎండలకి, ఇంజన్ వేడికి ఏడాది తిరక్కుండానే మడత దగ్గర పగులుతాయి. చెవిలో పెట్టే బుడిపెలు గట్టి ప్లాస్టిక్‌వి అయితే కాసేపటికే నొప్పి పెడతాయి, మెత్తటి రబ్బరువి వేరే కొని మార్చుకోవడం మేలు. కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఉండేవాళ్లు వాడిన ప్రతిసారీ పుల్లకి నూనె గుడ్డ రాయాలి, లేదంటే ఉప్పుగాలికి మొన తుప్పు పడుతుంది.

పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వినే పద్ధతి పాతదే, అదీ పనిచేస్తుంది. కానీ దానికోసం తలకాయ ఫ్యాన్ పక్కకి వంచాలి. స్టెతస్కోప్‌తో మనిషి రెండడుగుల దూరంలో నిలబడి వినొచ్చు. నాకు ఇదొక్కటే చాలు దీన్ని మెచ్చుకోవడానికి. అయితే గొట్టం వేలాడుతూ ఉంటుంది కాబట్టి అది బెల్టులో చిక్కకుండా చేత్తో పట్టుకోవాలి. భుజం మీద తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. తిరుగుతున్న పుల్లీకి పుల్ల తగలనివ్వకూడదు. చెవుల్లో పెట్టుకుని ఉండగా పక్కనుంచి ఎవరూ రేస్ ఇవ్వకూడదు.

పుల్ల ఎక్కడ ఆనించాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. ట్యాపెట్ కవరు (వాల్వులను నొక్కే ట్యాపెట్ల మీది మూత), ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పల్చటి రేకువి అయితే డప్పులాగా మోగుతాయి, ఎక్కడి చప్పుడైనా అక్కడే పెద్దగా వినపడుతుంది. బోల్టు తల మీద, గట్టి పోత భాగం మీద ఆనించాలి. ఒక్క చోట విని తీర్పు చెప్పకూడదు. ఇనుములో చప్పుడు పాకుతుంది కాబట్టి నాలుగు సిలిండర్ల దగ్గరా ఒకే ఎత్తులో, ఒకే ఒత్తిడితో విని పోల్చుకోవాలి. తేడాగా ఉన్నదే మనకి కావలసింది.

దానికి ముందు ఆయిల్ గేజీ పుల్ల తీసి చూడండి. ఆయిల్ తగ్గితే ట్యాపెట్లు టకటకమంటాయి, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఇంకోసారి వినండి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టి వేడెక్కాక తగ్గితే పిస్టన్ బోరులో వదులై కొట్టుకోవడం కావచ్చు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల అతుకు) లీకు కూడా కావచ్చు. రెండోది ట్యాపెట్ చప్పుడులాగే టిక్ టిక్ అంటుంది. ప్యాకింగ్ పక్కన మసి చార కనపడితే ట్యాపెట్ల జోలికి పోనక్కర్లేదు. వేడెక్కాక, లోడు మీద ఎక్కువయ్యే దెబ్బ మాత్రం బేరింగుల వైపు చూపిస్తుంది.

చప్పుడు వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెకనుకి 13 సార్లు తిరుగుతుంది. క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) అందులో సగమే, అంటే ఆరేడు సార్లు. ఒక్కో వాల్వు తెరుచుకోవడం, ఒక్కో నాజిల్ డీజిల్ కొట్టడం కూడా ఆ సగం లెక్కే. కాబట్టి నిదానంగా, దాదాపు లెక్కపెట్టగలిగేలా పడే దెబ్బకి ముందు ట్యాపెట్, నాజిల్ చూడాలి. దెబ్బలుగా పడకుండా, ఏకధాటిగా గరగరమనో, గీమనో సాగేది ఎక్కువగా బెల్టు మీద తిరిగే సామానుది.

ఆ సామాను దగ్గరే ఈ పరికరం తన డబ్బు తాను రాబడుతుంది. డైనమో బాడీ మీద పుల్ల ఆనిస్తే అరిగిన బేరింగు ఇసుక నలిగినట్టు వినపడుతుంది, పొరపడే పనే లేదు. చాలా పికప్‌లలో డైనమో వెనకే బ్రేకు వాక్యూమ్ పంపు ఉంటుంది కాబట్టి ముందూ వెనకా రెండు చోట్లా వినాలి. వాటర్ బాడీ (ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు) అయితే షాఫ్టుకి దగ్గరి బోల్టు మీద వినండి, కింద ఉండే చిన్న రంధ్రం నుంచి నీటి చార ఉందేమో కూడా చూడండి. చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగే బళ్లకీ, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేత మోసే బళ్లకీ ముందు పోయేవి ఈ బేరింగులే. అనుమానం తీరకపోతే ఇంజన్ ఆపి బెల్టు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి ఒక్క నిమిషం లోపు వినండి. చప్పుడు పోతే ఇంజన్ నిర్దోషి. నిమిషం దాటనివ్వకండి, వాటర్ బాడీ తిరగదు కాబట్టి ఇంజన్ వేడెక్కుతుంది. వాక్యూమ్ పంపు కూడా తిరగదు, బ్రేకు రాయిలాగా అవుతుంది, బండి అంగుళం కూడా కదపకూడదు.

బెల్టు కీచుమంటే స్టెతస్కోప్ అక్కర్లేదు, కాసిని నీళ్లు చాలు. గాడుల బెల్టు మీద కొద్దిగా చిలకరిస్తే అరుపు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేనట్టు, ఇంకా పెరిగితే బెల్టు జారుతున్నట్టు.

ఇంజన్ లోపలి దెబ్బ అని తేలితే, పాత మెకానికల్ పంపు ఇంజన్‌లో ఇంకో అడుగు వేయొచ్చు. బండి స్లోలో ఉండగా ఒక్కో సిలిండర్ డీజిల్ పైపు నట్టుని నాజిల్ దగ్గర 17 పానాతో అర చుట్టు వదులు చేయాలి, చుట్టూ గుడ్డ పెట్టి చేతులు దూరంగా ఉంచాలి. ఏ సిలిండర్‌కి డీజిల్ ఆపితే దెబ్బ తగ్గుతుందో తప్పు అక్కడ ఉంది. నాజిలా, లోపలి బేరింగా అన్నది తేలాలంటే ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చి చూడాలి, కింద రాగి వాషర్ మాత్రం కొత్తది వేయాలి. దెబ్బ నాజిల్‌తో పాటు పక్కకి వెళ్లిందంటే ఆ నాజిల్‌ని పంపు షాపుకి పంపితే సరిపోతుంది. కదలకుండా అక్కడే ఉంటే, పుల్లని బ్లాకు కింది భాగంలో క్రాంకు ఎత్తున ఆనించి వినండి. అక్కడ బరువుగా, ధన్ ధన్ మని పడుతూ, వేడి మీద ఆయిల్ లైటు కూడా మినుకుమంటుంటే బిగ్ఎండ్ బేరింగు (పిస్టన్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోటిది) అని అర్థం. వెంటనే ఇంజన్ ఆపి బండిని కట్టి లాక్కెళ్లడమే. ఇంకో పది కిలోమీటర్లు నడిపితే క్రాంకు కూడా పోతుంది. అయితే క్రాంకు పుల్లీలోని రబ్బరు ఊడినా అచ్చం ఇలాగే కొడుతుంది, కాబట్టి చాంబర్ విప్పే ముందు ఇంజన్ ఆపి పుల్లీని చేత్తో ఊపి చూడటం మరవకండి.

కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే అన్ని నాజిళ్లకీ ఒకే పైపు నుంచి డీజిల్ అంది, కరెంటుతో తెరుచుకునే కొత్త రకంలో, ఆ పైపు నట్టు ముట్టుకోవద్దు. అందులో ఒత్తిడి 1000 బార్ దాటి కూడా పోతుంది, సన్నటి చీలిక నుంచి వచ్చిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలాంటి బండిలో ఇంజన్ ఆపి, ఒక్కో ఇంజెక్టర్ కరెంటు కనెక్టర్ ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి వినాలి. చెక్ లైటు వెలుగుతుంది, ఆ కోడు స్కానర్‌తో తీయించుకోవాలి.

ఈ పరికరం చేయలేనిదీ ఉంది. టర్బో దగ్గర బుస్సుమనే గాలి లీకుని ఇది సరిగా పట్టదు. అక్కడ పుల్ల ఊడదీసి, ఉత్త గొట్టాన్ని హోసు వెంట తిప్పితే మేలు. క్లచ్చు సంగతి కాలితోనే తెలుస్తుంది. పెడల్ తొక్కితే వచ్చే చప్పుడు రిలీజ్ బేరింగుది, తొక్కితే పోయేది గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు వైపుది. రోడ్డు మీద లోడుతో వెళ్తుంటేనే వచ్చే చప్పుడు, అంటే చక్రం బేరింగు, సెంటర్ జాయింటు, క్రౌన్ లాంటివి దీనికి అందవు. వాటికి క్లిప్పులు, వైర్లు ఉండే ఎలక్ట్రానిక్ రకం వస్తుంది, నాలుగైదు చోట్ల తగిలించి క్యాబిన్‌లో కూర్చుని ఒక్కోటీ మార్చుకుంటూ వినొచ్చు. ధర చాలా ఎక్కువ కాబట్టి షెడ్డు నడిపేవాళ్లకి గిట్టుబాటు, ఒక్క బండి ఉన్నవాళ్లకి దండగ.

వాడకం మొదలుపెట్టడానికి బండి పాడయ్యే దాకా ఆగకండి. ఇంజన్ బాగున్నప్పుడే డైనమో, వాటర్ బాడీ, నాలుగు నాజిళ్ల దగ్గరా ఒకసారి విని, చెవికి అలవాటు చేసుకోండి. మంచి చప్పుడు ఎలా ఉంటుందో తెలియని చెవికి మామూలు డీజిల్ కటకట కూడా జబ్బులాగే వినపడుతుంది.