సముద్ర మోడల్ చూపే కరెంట్స్ (నీటి ప్రవాహాలు) సరిచూడ్డానికి ఏది మేలు: రాడారా, ఏడీసీపీయా?

రోమ్స్ (సముద్రాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్) రన్ చేసిన ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతున్నారు, మన తూర్పు తీరం మోడల్‌ని దేంతో పోల్చాలి అని. ఈమధ్య నాకూ అదే పని పడింది కాబట్టి రాసేస్తున్నా. ఏడీసీపీ అంటే నీళ్ళలోకి శబ్దం పంపి ఒక్కో లోతులో ప్రవాహ వేగం కొలిచే పరికరం.

హెచ్‌ఎఫ్ రాడార్, అంటే ఒడ్డు నుంచి రేడియో తరంగాలతో సముద్రం పైనీటి వేగం కొలిచేది, చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటా. మచిలీపట్నం, యానాం స్టేషన్లు కలిసి ఒడ్డు నుంచి దూరం దాకా మ్యాప్ గీసిస్తాయి, సుడి ఎక్కడ తిరుగుతోందో కళ్ళకి కనిపిస్తుంది. కాకపోతే ఒక్కో స్టేషన్ కొలిచేది తనవైపు వచ్చే, తన నుంచి పోయే వేగమే. రెండు స్టేషన్లనీ కలిపే గీత దగ్గర ఆ రెండు చూపులూ ఒకే లైన్లో పడి పూర్తి దిశ లెక్క పాడవుతుంది, అందుకే నేను మోడల్ వేగాన్నే ఒక్కో స్టేషన్ చూపు దిశలోకి (రేడియల్ అంటారు) తిప్పి పోలుస్తా.

అసలు గొడవ అది కాదు, లోతు. ఆ రాడార్‌కి కనిపించేది పైపైన రెండు మూడు మీటర్లే. ఆ నీళ్ళని చాలావరకు గాలే తోస్తుంది కదా, మంచి గాలి డేటా ఇస్తే ఓ మాదిరి మోడల్ కూడా గట్టెక్కేస్తుంది. పైగా మన తీరం కరెంట్ ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పోతుంది, ఏడాది పొడవునా డేటా పెడితే మోడల్‌కీ కొలతకీ పొంతన (కోరిలేషన్) ఊరికే వచ్చేస్తుంది. సీజన్, టైడ్ (ఆటుపోట్లు) ప్రభావం తీసేసి మళ్ళీ చూడండి, అసలు రంగు బయటపడుతుంది.

అందుకే నా ఓటు ఏడీసీపీ మూరింగ్‌కే, అంటే సముద్రం అడుగున లంగరేసి తాడుకి కట్టిన ఏడీసీపీకే. ఒక్క చోటే అయినా పైనుంచి కిందికి కొలుస్తుంది. నా మోడల్‌లో పైనుంచి కింద దాకా అంతా దక్షిణానికే పోతోంది, ఏడీసీపీలో చూస్తే కింద కరెంట్ ఎదురు తిరిగి ఉంది, పైన మాత్రం రెండూ భేషుగ్గా కలిశాయి. రాడార్ ఒక్కటే చూసి ఉంటే పేపర్ రాసేసేవాణ్ణి! ఒక జాగ్రత్త, కరెంట్ గట్టిగా ఉన్నప్పుడు మూరింగ్ వంగి పరికరం కిందికి దిగుతుంది, ప్రెషర్ చూసి లోతు సరిచేశాకే పోల్చాలి.

డ్రిఫ్టర్లు (ప్రవాహంతో కొట్టుకుపోతూ తమ చోటు చెప్పే తేలే పరికరాలు) దొరికితే వాడండి, కింద కట్టిన తెరచాప ఊడిపోయిందో లేదో చూసుకోండి. శాటిలైట్ ఆల్టిమీటర్ (సముద్ర మట్టం ఎత్తు కొలిచేది) డేటా ఒడ్డు దగ్గర అంతగా నమ్మలేం, వదిలేయండి.

ఏడీసీపీకి ఉన్న లోటేంటంటే సముద్రం పైభాగాన కొన్ని మీటర్లు దానికి సరిగా అందవు. ఇంజన్ ఆగిన బోటు ఎటు కొట్టుకుపోతుందో చెప్పే మోడల్ అయితే మాత్రం నేనూ ముందు రాడార్ దగ్గరికే వెళ్తా.