బోర్డ్స్ ఆఫ్ కెనడా ఈపీ: వింటే హాయి, తెలిశాక గుబులు

ఎలక్ట్రానిక్ సంగీతం చేసే బోర్డ్స్ ఆఫ్ కెనడా పేరులో కెనడా ఉంది గానీ వీళ్లు స్కాట్లాండ్ వాళ్లు, మైకేల్, మార్కస్ అనే అన్నదమ్ములు. 2000 నవంబర్‌లో వార్ప్ అనే రికార్డ్ కంపెనీ తెచ్చిన వీళ్ల ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) ‘ఇన్ ఎ బ్యూటిఫుల్ ప్లేస్ ఔట్ ఇన్ ద కంట్రీ’ని వారం రోజులుగా రాత్రిపూట లైటు ఆర్పేసి వింటున్నాను. నాలుగే ట్రాకులు, మొత్తం 24 నిమిషాలు.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. అందులో బేస్, అంటే మంద్రంగా మోగే ధ్వని, అసలు వినపడదు, అది లేకపోతే మొదటి ట్రాక్ ‘కిడ్ ఫర్ టుడే’ చప్పగా ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో విన్నా దాని చివరి ఒకటిన్నర నిమిషం సాగదీశారనే అనిపించింది నాకు.

రెండోది, ‘ఆమో బిషప్ రోడెన్’, నా ప్రాణం. చిన్న ట్యూన్, అదే మళ్లీ మళ్లీ వస్తుంది. కానీ సింథసైజర్ స్వరం నిలకడగా ఉండదు, టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోతుంటే క్యాసెట్ పాట కాస్త జారి మళ్లీ నిలదొక్కుకుంటుంది చూడండి, అచ్చం అలా. చిన్నప్పుడు ఆ జారుడు విని పెరిగిన వాళ్లకి గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆ పేరు ఎవరిదా అని వెతికితే, అమెరికాలో టెక్సస్‌లోని వేకో దగ్గర బ్రాంచ్ డేవిడియన్ మతవర్గంతో ముడిపడిన ఒకావిడది. 1993లో 51 రోజుల ముట్టడి తర్వాత మంటల్లో పిల్లలతో సహా 70 మందికి పైగా పోయిన చోటు అది. ఇది తెలిశాక మూడో ట్రాక్ మళ్లీ విన్నాను. అందులో వొకోడర్ (గొంతును యంత్రంలా మార్చే పరికరం) గుండా మరమనిషిలా వచ్చే గొంతు, అందమైన పల్లెలో ఒక మత సమాజంలో కలిసి బతుకుదాం రమ్మని పిలుస్తుంది. అంతకుముందు రోజు వరకూ ఆ గొంతు నాకు జోలపాటలా ఉంది, ఇప్పుడు ఒళ్లు జలదరిస్తోంది, సంగీతంలో మాత్రం ఒక్క స్వరం మారలేదు. భయపెట్టే శబ్దం ఒక్కటీ వాడకుండా ఇంత భయం తెచ్చారంటే మామూలు పనితనం కాదు.

డ్రమ్స్ ఉన్నాయి కాబట్టి ఇది యాంబియంటే (తాళం కన్నా వాతావరణం ముఖ్యమైన నెమ్మది సంగీతం) కాదంటారు కొందరు. వాళ్లకి చివరి ‘జోయెట్రోప్’ వినిపించాలి. డ్రమ్స్ లేవు, కొన్ని స్వరాలు గిరగిరా తిరుగుతూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. జోయెట్రోప్ అంటే తిప్పితే సందుల్లోంచి బొమ్మలు కదిలినట్టు కనిపించే డబ్బా, పేరు సరిగ్గా కుదిరింది. మూడో ట్రాక్ గుబులంతా ఇక్కడికొచ్చాక మెల్లగా దిగుతుంది, అందుకే వరస మార్చి షఫుల్‌లో పెట్టొద్దు.