ట్యాంకులో నూనె తగ్గడం లేదని మురిసిపోయాను: మూడేళ్ల పోల్ సా అనుభవం

బ్యాటరీతో నడిచే పోల్ సా, అంటే ఎత్తున ఉన్న కొమ్మలు కోయడానికి పొడవాటి కర్ర చివర బిగించిన చెయిన్ రంపం, కొని ఈ జూన్‌కు మూడేళ్లు నిండాయి. దాని బరువు, పొడవు, చార్జింగ్‌కు పట్టే సమయం డబ్బా మీదే రాసి ఉంటాయి గనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నదల్లా ఆ కర్ర చివర బిగించి ఉండే పది అంగుళాల బార్‌లోని, అంటే చెయిన్ తన అంచు గాడిలో తిరిగే ఇనుప పట్టీలోని, ఒక చిన్న రంధ్రం గురించే. అగ్గిపుల్ల కూడా దూరని ఆ రంధ్రం వల్ల నేను ఒక చెయిన్‌ను, ఒక బార్‌ను పోగొట్టుకున్నాను. కొద్దిలో తప్పింది గాని, అక్కరలేని కొత్త బ్యాటరీ ఒకటి కూడా కొని ఉండేవాణ్ణి.

మాది సికింద్రాబాద్ సైనిక్‌పురిలో పాత ఇల్లు. పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక వేప, ఒక కొబ్బరి ఉన్నాయి. కొన్న కొత్తలో ఈ యంత్రాన్ని కాలనీలో కనీసం నలుగురికి సిఫారసు చేశాను. చెయిన్‌కు నూనె తనంతట తానే వేసుకుంటుంది, మనం ట్యాంకు నింపితే చాలు అని చెప్పేవాణ్ణి. రెండో ఏడాది మరో అడుగు ముందుకేసి, ఒకసారి నింపిన ట్యాంకు రెండు చార్జింగుల పనికి సరిపోయి ఇంకా మిగులుతోందని, నూనె ఖర్చు లేనట్టేనని కూడా అన్నాను. ఆ రెండో మాటను పూర్తిగా, మొదటి మాటను సగం వరకు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నిరుడు జూన్‌లో మామిడికాయలు దింపడం అయ్యాక, వానలు ముదరక ముందే డాబా మీదికి వాలిన కొమ్మలు తీసేద్దామని మొదలుపెట్టాను. చేతి మణికట్టంత కొమ్మ సగం తెగేసరికి మాడు వాసన వచ్చింది, కోసిన చోట చెక్క నల్లబడింది. మునుపు తురిమిన కొబ్బరిలా రాలే పొట్టు ఈసారి పసుపు పొడిలా మెత్తగా రాలి కళ్లలో పడింది. నిటారుగా దిగవలసిన కోత ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇరవైకి పైగా కొమ్మలు కోసే చార్జింగ్ ఎనిమిదో కొమ్మకే అయిపోయింది. మే నెల ఎండలకు మెట్ల కింద గదిలో పడి ఉన్న బ్యాటరీ దెబ్బతిన్నదని నాకు నేనే తీర్మానించుకుని, యంత్రాన్నీ బ్యాటరీనీ కారులో వేసుకుని రాణిగంజ్ వెళ్లాను.

అక్కడి దుకాణంలో మరమ్మతు చేసే పెద్దమనిషి బ్యాటరీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ముందు చెయిన్‌ను వేలితో తడిమి, “నూనె ఎప్పుడు పోసిండ్రు సార్?” అని అడిగాడు. రెండు నెలలైందని, ఇంకా ముప్పావు ట్యాంకు ఉందని కొంత గర్వంగానే చెప్పాను. ఆయన నవ్వి, “ఉండక యేడికి పోతది సార్, కిందికి దిగితె గద!” అన్నాడు.

బ్యాటరీ ఊడదీసి, పక్క మూత తెరిచి చూపిస్తే నాకే సిగ్గనిపించింది. చెయిన్‌ను తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) చుట్టూ మామిడి పొట్టు, నూనె, కొబ్బరి మట్టల పీచు కలిసి గానుగ నుంచి వచ్చిన తెలకపిండి చెక్కలా బిగుసుకుపోయి ఉన్నాయి. అసలు దోషి మాత్రం అది కాదు. బార్‌కు పైన ఒకటి, కింద ఒకటి నూనె రంధ్రాలు ఉంటాయి. బార్‌ను ఏ వైపు తిప్పి బిగించినా వాటిలో ఒకటి నూనె వచ్చే దారికి ఎదురుగా వస్తుంది. బార్ అంచులు రెండూ సమానంగా అరగడానికి అప్పుడప్పుడు దాన్ని తలకిందులుగా తిప్పి బిగించాలని పుస్తకంలో ఉంటే, నేను బుద్ధిగా అలాగే చేశాను. అప్పటిదాకా వాడుకలో లేని రెండో రంధ్రం ఏడాదిగా పట్టిన పొట్టుతో రాయిలా మూసుకుపోయి ఉందని మాత్రం గమనించలేదు. అంటే, బార్ ఎక్కువ కాలం మన్నాలని చేసిన పనే దాన్ని నూనె లేకుండా ఎండబెట్టింది. ముక్కు, అంటే కొన, దగ్గర బార్ అంచు నీలం రంగుకు తిరిగింది. గోటితో రాస్తే గోరు తెగేటంత పొరలు అంచుల వెంట బయటికి లేచాయి. చప్పట ఆకురాయితో ఆ పొరలను తీసేయవచ్చు గాని, రెండు అంచుల్లో ఒకటి అప్పటికే బాగా కుంగిపోయినందువల్ల ఈ బార్ ఇక పనికిరాదని ఆయన తేల్చేశాడు.

రంధ్రం మూసుకుపోవడంలో నా పొదుపు బుద్ధికి కూడా వాటా ఉంది. మొదటి ఏడాది బార్ ఆయిల్ దొరకలేదని కొన్నాళ్లు వంటింటి సన్‌ఫ్లవర్ నూనె పోశాను. వాడుతున్నంత కాలం బాగానే ఉంటుంది; నెలల తరబడి పక్కన పెడితే వార్నిష్‌లా ఎండి పొట్టును పట్టేస్తుంది. కారు సర్వీసింగ్‌లో తీసిన పాత ఇంజన్ ఆయిల్ పోయమని మా బావమరిది ఇచ్చిన సలహా ఇంతకంటే అన్యాయం. అందులో ఇనుప రజను ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. పైగా పోల్ సా మన తలకంటే ఎత్తున తిరుగుతుంది గనుక చెయిన్ చిమ్మే ప్రతి తుంపరా ముఖం మీదికే వస్తుంది.

కొత్త బార్, కొత్త చెయిన్ కొనేటప్పుడు ఇంకో పొరపాటు చేశాను. రాణిగంజ్‌లో ఆ రోజు నా కొలత స్టాకు లేకపోవడంతో మా ఇంటి దగ్గర వేరే దుకాణంలో “పది అంగుళాలు” అని మాత్రమే చెప్పి తెచ్చుకున్నాను. చెయిన్ గాడిలోకి దిగలేదు. నా బార్ గాడి వెడల్పు 1.1 మిల్లీమీటర్లు, ఆ చెయిన్ 1.3ది. పిచ్ (లింకుల మధ్య దూరం), గాడి వెడల్పు, గాడిలో దిగే లింకుల సంఖ్య, ఈ మూడూ సరిపోవాలి. నా దానికి పిచ్ 3/8 అంగుళం ‘లో-ప్రొఫైల్’ (తక్కువ ఎత్తు రకం), గాడి 1.1 మిల్లీమీటర్లు, 40 లింకులు. ఇవి ఇప్పుడు ఒర మీద పెయింటుతో రాసుకున్నాను.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. పని అయిన రోజే బ్యాటరీ తీసి పక్కన పెట్టి, తోలు గ్లౌజులు వేసుకుని, మూత విప్పి, గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతో బార్ గాడిని మొదలు నుంచి ముక్కు దాకా గీకుతాను. ఆ కార్డు మందం గాడికి చక్కగా సరిపోతుంది. నూనె రంధ్రాలు రెండింటినీ పిన్నీసుతో పొడుస్తాను. రెండింటినీ అని నొక్కి చెబుతున్నాను. తరువాత బిగించి, పాత పేపర్‌కు జానెడు దూరంలో బార్ ముక్కు ఉంచి కొన్ని క్షణాలు తిప్పితే కాగితం మీద సన్నని నూనె గీత పడాలి. పడకపోతే ఆ రోజు చెట్టు జోలికి వెళ్లను.

చెయిన్ బిగువు విషయంలో నాకు పెద్దగా ఇబ్బంది రాలేదు. బార్ ముక్కును పైకెత్తి పట్టుకుని నట్టు బిగించాలి. చెయిన్‌ను పైకి లాగి వదిలితే టక్కున తిరిగి కూర్చోవాలి, లాగినప్పుడు లింకులు గాడి దాటి పూర్తిగా బయటికి రాకూడదు. కొత్త చెయిన్ నాలుగైదు కొమ్మలకే సాగుతుంది. వేడి మీద బిగించిన చెయిన్ చల్లారాక కుంచించుకుని బార్‌ను లాగిపెడుతుంది కనుక పని ముగిశాక కొంచెం వదులు చేస్తాను.

పదును పెట్టడమే నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల వాలు, ఒకే దిశలో లోపలి నుంచి బయటికి తోయడం వరకు తెలుసు. కానీ నాది కుడిచేతి వాటం గనుక ఒక వైపు పళ్లు ఎక్కువ అరిగి, రెండో వైపువి పొడవుగా మిగిలిపోయేవి. కోత ఒక పక్కకు ఒరగడంలో బార్ తప్పు ఎంతో, నా చేతి తప్పు ఎంతో ఇప్పటికీ చెప్పలేను. ఇప్పుడు అన్నిటికంటే పొట్టి పన్నును వెతికి, దాని పొడవుకు మిగతావాటిని తెస్తూ, పన్నుకు మూడే తోపులు అని లెక్కపెట్టుకుంటున్నాను. పదును ఉన్న చెయిన్‌తో అదే పాత బ్యాటరీ మళ్లీ ఇరవై కొమ్మల దాకా వస్తోంది.

మరి కొనమంటారా అంటే, నా పరిస్థితి వేరు. ఉద్యోగ విరమణ చేశాను, కొమ్మలు కోసిన సాయంత్రం అరగంట కూర్చుని పిన్నీసుతో రంధ్రాలు పొడిచే తీరిక ఉంది, ఇంటి దగ్గర కరెంటు తీగలు చెట్లకు దూరంగా ఉన్నాయి. తీగలు ఆనుకుని ఉన్న ఇంట్లో ఈ కర్ర పట్టుకోనే కూడదు. పెరట్లో కొబ్బరి చెట్లే ఎక్కువగా ఉన్నవారికి కూడా నేను సిఫారసు చేయను, ఆ పీచుతో మూత విప్పుకోవడమే సరిపోతుంది. మా కొబ్బరి మట్టలకు నేను మళ్లీ చెట్టెక్కే మనిషినే పిలుస్తున్నాను. మామిడి, వేప వరకు మాత్రం దీన్ని వదులుకోను. మొన్న రెండు గంటల పనిలో ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయింది. పక్కింటాయన చూసి, ఇంత నూనె తాగుతుందా అండీ అని విస్తుపోయారు.