సుల్తాన్ బజార్‌లో అమ్మకానికున్న పైఅంతస్తు: అద్దెకున్నవాడి మాట

మా ఇంటాయన ఈ పైఅంతస్తుని అమ్మకానికి పెట్టాడు. ఆదివారాలు చూడ్డానికి జనం వస్తున్నారు. కిటికీ దగ్గర నిలబడి ఫోటో తీసుకుంటారు, చెక్క అటక ఎక్కి దిగుతారు, పార్కింగ్ లేదని తెలియగానే మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతారు. తలెత్తి కప్పుని చూసేవాళ్లే లేరు. ఈ ఇంట్లో చూడాల్సింది అదొక్కటే అని నా అభిప్రాయం. 2019 నుంచి దాని కిందే ఉంటున్నాం కాబట్టి ఆ మాత్రం చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

ఎన్ని గదులు, ఎన్ని చదరపు అడుగులు అన్నవి ప్రకటనలో ఉన్నాయి. బడీచౌడీ బట్టల కొట్లు, కోఠీ పాత పుస్తకాలు, మెట్రో స్టేషన్ ఎంత దగ్గరో హైదరాబాదువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి నడిచి వెళ్లొచ్చు. నా మట్టుకు నాకు అది ఇంకో గది ఉన్నట్టే.

ఇక కప్పు సంగతి. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వాసాలు, ఆపైన ఇటుక, ఇటుక మీద జానెడు మందాన డంగు సున్నం గచ్చు. నేల నుంచి దూలానికి పదిహేను అడుగుల పైమాటే. అంత ఎత్తుంది కాబట్టే ఎవరో పూర్వం సగం హాలు మీద చెక్క అటక కట్టించారు. బ్రోకరు లాఫ్ట్ అని ఊదరగొడుతున్నది దాన్నే. అంతకుముందు దిల్‌సుఖ్‌నగర్‌లో స్లాబు కింద పైఅంతస్తులోనే ఉండేవాళ్లం. మే నెలలో ఫ్యాను వేస్తే వేడిగాలి, కుళాయి తిప్పితే వేడినీళ్లు. ఇక్కడికొచ్చిన మొదటి వేసవిలో మధ్యాహ్నం రెండింటికి హాల్లో చాప వేసుకుని పడుకున్నాను. గోడల పైనున్న చిన్న గాలి కిటికీల్లోంచి, రోషన్‌దాన్లంటారు వాటిని, వేడి బయటికి పోతోంది, కింద నేల చల్లగా ఉంది. ఏసీ అక్కర్లేని ఇల్లు దొరికిందని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. చాదర్‌ఘాట్ వైపు మూసీ ఒడ్డు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పైఅంతస్తులో ఉన్న మాకు నీళ్లు కప్పులోంచి వచ్చాయి. అటక మీద పరుపు తడిసింది, పుస్తకాల పెట్టెలు తడిశాయి. విచిత్రమేమిటంటే వాన ఆగినా కారడం ఆగలేదు. బయట ఎండ కాస్తోంది, లోపల బకెట్లో చుక్కలు పడుతున్నాయి. ఒకచోట బకెట్ పెడితే దూలం పట్టుకుని నీళ్లు ఇంకోచోటికి పోయేవి. మా అమ్మ వంటగిన్నెలన్నీ అటక మీదే ఉన్నాయి ఆ వారమంతా.

కారణం తర్వాత తెలిసింది. మేం రాకముందు ఇంటాయన ఒక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీని పిలిపించి, గచ్చు మీద సిమెంటు పొర వేయించి, దానిపైన కెమికల్ కోటింగ్ కొట్టించాడట. సున్నం తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంటు పొర ఎండకీ వానకీ సన్నగా చీలింది. చీలికల్లోంచి నీళ్లు లోపలికి దిగాయి, పైకి ఆరిపోవడానికి మాత్రం దారి లేదు. ఆ నీళ్లన్నీ గచ్చులో నిలిచి మా మీద కారాయి. కంపెనీవాళ్లొచ్చి చూసి వారంటీలో ఇది రాదన్నారు, ఇంకో కోటు వేద్దామన్నారు, కొటేషన్ కూడా పంపారు. ఆ కొటేషన్ ఇంకా నా దగ్గరుంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఆఖరికి పురానాపూల్ వైపు నుంచి పాత కట్టడాలు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రీ వచ్చాడు. చెప్పులు విప్పి కప్పంతా తిరిగాడు, కర్రతో తట్టి విన్నాడు. డొల్లగా మోగినచోటల్లా బొగ్గుతో గీత గీశాడు. "సిమెంటేసి దాని నోరు మూసిండ్రు సార్, నీళ్లు యాడికి పోతయి?" అన్నాడు. చలికాలం దాకా ఆగమని, అప్పుడొచ్చి సిమెంటంతా చెక్కించేశాడు. సున్నంలో ఇటుక ముక్కలు, సుర్కీ (ఇటుక పొడి) కలిపి పరిచారు. ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో కొడుతూ పోయారు, మధ్యమధ్యలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ. దిమ్మిస ఎగిరి పడేదాకా, అంటే గట్టిపడేదాకా కొట్టాలట. ఆ చప్పుడుకి నా ఆఫీసు మీటింగులన్నీ మ్యూట్‌లోనే జరిగాయి. తర్వాత తడి గోనె సంచులు కప్పి రోజూ నీళ్లు పెట్టారు. ఇల్లంతా బెల్లం వాసన, దాని వెంట సుల్తాన్ బజార్ చీమలన్నీ.

అప్పట్నుంచి ఎంత వానకీ చుక్క కారలేదు. 2023లో ప్రభుత్వం కప్పులు ఎండని తిప్పికొట్టేలా ఉండాలని కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు ఇంటాయన మళ్లీ ఏదో తెల్ల పెయింటు గురించి మాట్లాడాడు. మేస్త్రీ వద్దని మామూలు వెల్ల వేయించాడు, దానికీ ఎండ తిరిగి కొడుతుంది కదా అని. ఉగాదికి ముందు ఏటా వేయాలి. కొన్నవాళ్లు ఆ ఖర్చు లెక్కలో రాసుకోవాలి.

ఏసీ అక్కర్లేదన్న మాట మాత్రం హాలు వరకే. మందపాటి కప్పు పగలంతా వేడిని పట్టి ఉంచి రాత్రి దించుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిది దాటాక అటక మీద పడుకుంటే తెలుస్తుంది. కప్పు చేతికందే దూరం, వేడిగాలంతా అక్కడే. మేం వేసవిలో పరుపు కిందికి దించేసుకుంటాం. ఫోటోల్లో అందంగా కనిపించే ఆ అటకని ఏడాదిలో ఎనిమిది నెలల పడగ్గది అనుకోండి, పోనీ తొమ్మిది. ఇంకోటి, వీధి వైపు గోడలోకి వెళ్లే రెండో దూలం చివర నల్లబడి ఉంది. అప్పుడు పట్టిన తడే. మేస్త్రీ ఇనప పట్టీ బిగించి పర్వాలేదన్నాడు. పర్వాలేదనే నేనూ అనుకుంటున్నాను, కానీ నేను ఇంజనీరుని కాను.

మమ్మల్నే కొనుక్కోమని ఇంటాయన ముందుగా అడిగాడు. మనసుంది. కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు పెట్టే జాగా లేదు. బ్యాంకువాళ్లు పాత కట్టడం అనగానే ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో ఇంజనీరుతో రాయించుకు రమ్మన్నారు. అప్పు గడువు అంతకు మించకూడదట, కాబట్టి కిస్తీ పెరుగుతుంది. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం ఎలాగూ ఉంది. కింది అంతస్తులవాళ్లతో కలిపి నేలలో మన వాటా ఎంత, కప్పు మీద హక్కు ఎవరిది అన్నది దస్తావేజులో స్పష్టంగా లేదు. పైఅంతస్తు కొనేవాడికి అంతకన్నా ముఖ్యమైన వాక్యం ఉండదు, కప్పు బాగుచేయించేది వాడే కాబట్టి.

మోకాళ్లు బాగుండి, కారు లేకుండా బతకగలిగి, చేతిలో డబ్బు సగమైనా ఉన్నవాళ్లయితే తప్పకుండా చూడండి. ఇంటాయన చెప్పేది కొత్త ఫ్లాటు రేటు. రెండో దూలం దగ్గరికి తీసుకెళ్లి, టార్చి వేసి చూపించి, అప్పుడు బేరం మొదలుపెట్టండి. మేమూ అదే దూలం చూపించి ఒక రేటు అడిగాం, ఆయన ఇంకా జవాబివ్వలేదు.